పెర్మియన్ చివర సముద్రం ఎవరిని మింగింది, ఎవరిని మిగిల్చింది: తరచుగా అడిగే ప్రశ్నలు

పర్యావరణ మార్పులు ప్రాచీన సముద్ర జీవుల వైవిధ్యాన్ని ఎలా తీర్చిదిద్దాయో తెలుసుకోవడానికి పెర్మియన్ ముగింపును మించిన ఉదాహరణ లేదు. జీవజాతులు అంత పెద్ద సంఖ్యలో ఒక్కసారిగా అంతరించిన సందర్భం భూమి చరిత్రలో మరొకటి కనిపించదు. ఈ విషయంపై పాఠకులకు సాధారణంగా కలిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం.

పెర్మియన్ ముగింపు అంటే ఏమిటి? అది ఎప్పుడు జరిగింది?

పెర్మియన్, ట్రయాసిక్ అనేవి భూగర్భ కాలమానంలో ఒకదాని వెంట ఒకటి వచ్చే రెండు కాలాలు. వాటి మధ్య సరిహద్దు సుమారు 25.19 కోట్ల సంవత్సరాల క్రితం నాటిది. చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో మెయ్‌షాన్ అనే చోట ఉన్న సున్నపురాయి క్వారీని ఈ సరిహద్దుకు ప్రపంచ ప్రామాణిక స్థలంగా 2001లో నిర్ణయించారు. అక్కడ సున్నపురాయి పొరల నడుమ, ఒకప్పుడు అగ్నిపర్వతాల నుంచి రాలిన బూడిద బంకమట్టిగా మారి, పలుచని పొరలుగా మిగిలింది. ఆ మట్టిలో జిర్కాన్ అనే ఖనిజపు రేణువులు దొరుకుతాయి. వాటిలోని యురేనియంలో ఎంత భాగం సీసంగా మారిందో కొలిస్తే, ఆ బూడిద ఏ కాలంలో రాలిందో లెక్క తేలుతుంది.

సేత్ బర్గెస్, శామ్యూల్ బౌరింగ్, షు-జోంగ్ షెన్ 2014లో ప్రచురించిన లెక్క ప్రకారం ఈ విలుప్తి, అంటే జీవజాతులు మూకుమ్మడిగా అంతరించడం, సుమారు 60 వేల సంవత్సరాలలో ముగిసింది. అందులో 48 వేల సంవత్సరాలు అటూ ఇటూ కావచ్చు. మెయ్‌షాన్‌లో ఆ కాలమంతా 25వ పొర నుంచి 28వ పొర దాకా, దాదాపు ఒక అడుగు మందం రాయిలో ఇమిడి ఉంది. ఆ అడుగు కింది రాయిలో కనిపించే జీవులలో అత్యధికం దాని పై రాయిలో మళ్లీ కనిపించవు.

ఎన్ని జాతులు అంతరించాయి? ఒక్కో చోట ఒక్కో శాతం ఎందుకు చెబుతారు?

పాఠ్యపుస్తకాలలో ఎక్కువగా కనిపించే అంకె 96 శాతం. డేవిడ్ రాప్ 1979లో చేసిన గణనలో అది గరిష్ఠ అంచనా. కాలక్రమంలో ఆ ‘గరిష్ఠం’ అన్న మాట జారిపోయి, అంకె మాత్రమే నిలిచిపోయింది. స్టీవెన్ స్టాన్లీ 2016లో మళ్లీ లెక్కవేసి, మామూలు రోజుల్లోనూ నెమ్మదిగా సాగే విలుప్తిని విడిగా తీసివేసి, సముద్ర జాతులలో సుమారు 81 శాతం అంతరించాయని తేల్చారు. ఈ రెండింటిలో రెండో అంకెనే వాడటం మంచిదని మా అభిప్రాయం.

శాతాలు వేరువేరుగా ఉండటానికి మరో కారణం, ఏ స్థాయిలో లెక్కిస్తున్నారన్నది. దీన్ని ఇంటిపేర్లతో పోల్చి చూడవచ్చు. ఒక ఊరిలో నూటికి ఎనభై మంది చనిపోయినా, ఒక్కో ఇంటిపేరు గలవారిలో ఒక్కరు మిగిలితే చాలు, ఇంటిపేర్ల జాబితా చెక్కుచెదరదు. జాతులు, వాటిపైన ప్రజాతులు, వాటిపైన కుటుంబాలు అని మెట్లు ఎక్కేకొద్దీ నష్టం తక్కువగా కనిపించడం అందుకే. పెర్మియన్ చివర సముద్ర జీవుల కుటుంబాలలోనే సగానికి పైగా పోయాయంటే, జాతుల స్థాయిలో జరిగిన నష్టం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

అంతకుముందు సముద్రం ఎలా ఉండేది?

ఖండాలన్నీ కలిసి పాంజియా అనే ఒకే భూభాగంగా ఉండేవి. దాని చుట్టూ పాంథలాసా మహాసముద్రం, తూర్పు వైపు లోపలికి చొచ్చుకొచ్చిన టెథిస్ సముద్రం ఉండేవి. లోతు తక్కువగా ఉన్న అడుగు నేలపై కాడలతో నిలబడి నీటిలో కొట్టుకొచ్చే తిండిని వడకట్టుకునే సముద్రపు కలువలు, రెండు చిప్పల బ్రాకియోపాడ్లు, నాచులా అల్లుకునే బ్రయోజోవాలు, నేటి పగడాలకు భిన్నమైన రుగోస్, టాబ్యులేట్ పగడాలు విస్తారంగా ఉండేవి. వీటిలో చాలావరకు ఒకచోట కుదురుగా అంటుకుని, సున్నపు పెంకును దళసరిగా కట్టుకుని, నిదానంగా బతికే జీవులే.

సముద్రపు కలువలు పేరుకు కలువలైనా, అవి మొక్కలు కావు. నక్షత్ర చేపల బంధువులు. బ్రాకియోపాడ్లు చూడటానికి ఆల్చిప్పల్లా ఉన్నా, లోపలి శరీర నిర్మాణం పూర్తిగా వేరు. ఈ రెండో తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తర్వాతి కథ చాలావరకు దానిమీదే నడుస్తుంది.

ఈ ఉపద్రవానికి మూలం ఏమిటి?

నేటి రష్యాలోని సైబీరియాలో సాగిన లావా విస్ఫోటనాలు. ఒక కొండ పేలి ఆగిపోవడం లాంటిది కాదు ఇది. నేలలో పడిన చీలికల నుంచి లావా లక్షల సంవత్సరాల పాటు వెల్లువెత్తి, పొరమీద పొరగా పేరుకుంది. దాని మొత్తం పరిమాణం ముప్పై లక్షల ఘన కిలోమీటర్లు, లేదా అంతకంటే ఎక్కువ ఉంటుందని అంచనా.

అయితే లావా ప్రవాహం విలుప్తికి సుమారు మూడు లక్షల సంవత్సరాల ముందే మొదలైంది. మొత్తం లావాలో అధిక భాగం వెలువడే దాకా సముద్రంలో పెద్ద నష్టమేమీ కనిపించదు. మరి ప్రాణాంతకమైనది ఏది? బర్గెస్, ఆయన సహ పరిశోధకులు 2017లో చూపిన దాని ప్రకారం, శిలాద్రవం పైకి రాకుండా భూగర్భంలోనే అవక్షేప శిలల మధ్య పలకలుగా చొరబడటం మొదలైన సమయం, విలుప్తి మొదలైన సమయం ఒక్కటే. తుంగుస్కా పరీవాహకంలోని ఆ శిలలలో బొగ్గు, సున్నపురాయి, ఉప్పు నిల్వలు ఉన్నాయి. శిలాద్రవం వాటిని కొలిమిలో పెట్టినట్లు కాల్చడంతో కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వంటి వాయువులు భారీగా వాతావరణంలో కలిశాయి. అంటే లావా చేసిన హానికన్నా, లావా కాల్చిన రాళ్లు చేసిన హానే పెద్దది. లావా పరిమాణంలో పెద్దవైన కొన్ని ఇతర విస్ఫోటనాలు అంత ప్రాణనష్టం ఎందుకు కలిగించలేదన్న ప్రశ్నకు కూడా ఇక్కడే సమాధానం దొరికే అవకాశం ఉంది.

వాతావరణం వేడెక్కితే సముద్రంలోని జీవులు ఎందుకు చనిపోవాలి?

దీనికి సమాధానం రెండు మాటల్లో చెప్పాలంటే: ఊపిరి సరిపోక. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండగల ఆక్సిజన్ తగ్గుతుంది. అదే సమయంలో చల్లని నెత్తురు గల జీవుల శరీర క్రియలు వేగం పుంజుకుని, వాటికి కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన ఇల్లు ఎంతో కాలం నిలవదు.

గోదావరి జిల్లాల్లో రొయ్యల సాగు చేసేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున, చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ, రొయ్యలు అడుగు వదిలి గట్ల వెంట నీటి పైపైకి వస్తాయి. ఉక్కపోతగా ఉండి మబ్బు పట్టిన రోజుల్లో రాత్రంతా ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి. పెర్మియన్ సముద్రానికి ఏరేటర్లు లేవు. పైనీరు వేడెక్కి తేలికవడంతో అడుగు నీటితో కలవడం మందగించింది. లోతులకు ఆక్సిజన్ చేరే దారి మూసుకుపోయింది.

జస్టిన్ పెన్, కర్టిస్ డాయిష్, వారి సహ పరిశోధకులు 2018లో ఈ పరిస్థితిని కంప్యూటర్ నమూనాతో పరిశీలించారు. ఉష్ణమండల సముద్రాల పైనీరు పది డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కిందని, సముద్రాలు తమ ఆక్సిజన్‌లో ముప్పాతిక వంతు దాకా కోల్పోయాయని ఆ నమూనా చూపింది. నేటి సముద్ర జీవులు వేడిని, ఆక్సిజన్ లేమిని ఎంతవరకు తట్టుకుంటాయో కొలిచిన వివరాలను దానికి జోడిస్తే, జరిగిన విలుప్తిలో సగానికి పైగా ఈ రెండు కారణాలతోనే వివరించవచ్చని తేలింది. మిగతా దానిలో నీటి ఆమ్లత పెరగడం, అడుగు నీటిలో హైడ్రోజన్ సల్ఫైడ్ చేరడం వంటివి పాలుపంచుకుని ఉంటాయి.

ఏ ప్రాంతంలో నష్టం ఎక్కువ?

భూమధ్యరేఖ దగ్గర వేడి ఎక్కువ కాబట్టి అక్కడే నష్టం ఎక్కువ అని మొదట అనిపిస్తుంది. పెన్, డాయిష్‌ల కంప్యూటర్ నమూనా మాత్రం దీనికి విరుద్ధంగా, ధ్రువాలకు దగ్గరి సముద్రాలలోనే నష్టం ఎక్కువని చూపింది. శిలాజాల లెక్కలూ దానికి అనుగుణంగానే ఉన్నాయి. ఉష్ణమండల జీవులు వెచ్చని, ఆక్సిజన్ తక్కువ నీటికి అప్పటికే కొంత అలవాటుపడి ఉన్నాయి, పైగా అవి ధ్రువాల వైపు జరగగలవు. చల్లని, ఆక్సిజన్ సమృద్ధిగా ఉన్న నీటికి అలవాటుపడిన జీవులకు మాత్రం వెళ్లడానికి అంతకన్నా చల్లని చోటు మిగలలేదు.

అంత పాత సముద్రపు ఉష్ణోగ్రతను ఎలా కొలుస్తారు?

కోనోడాంట్లు అనే అంతరించిపోయిన జీవుల పళ్లతో. ఈ పళ్లను క్రిస్టియన్ పాండర్ 1856లోనే వర్ణించినా, అవి ఏ జీవివో వందేళ్లకు పైగా తెలియలేదు. స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో దగ్గరి రాళ్లలో దొరికిన మెత్తని శరీరపు ముద్రను 1983లో వర్ణించాక, అవి ఈల్ చేపలా సన్నగా ఉండే, వెన్నెముక జీవులకు దగ్గరి జంతువులని తెలిసింది.

పళ్లు చాలావరకు మిల్లీమీటరు లోపే ఉంటాయి. సున్నపురాయి ముక్కను కొట్టి, పలుచని ఎసిటిక్ ఆమ్లంలో, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లంలోనే, రోజుల తరబడి నానబెడతారు. సున్నం కరిగిపోయాక అడుగున మిగిలిన మట్టిని కడిగి, జల్లించి, ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద తడి చేసిన సన్నని కుంచె మొనతో ఒక్కొక్క పంటినీ ఏరుతారు. బియ్యంలో రాళ్లు ఏరడం అలవాటైన కళ్లకు ఆ పని ఓపిక ఎంతటిదో తెలుస్తుంది. ఆ పళ్లు ఎముకలలో ఉండేటటువంటి ఫాస్ఫేట్ ఖనిజంతో తయారై ఉంటాయి. అందులోని ఆక్సిజన్ ప్రధానంగా రెండు రకాలు: బరువు తక్కువైన ఆక్సిజన్-16, బరువైన ఆక్సిజన్-18. జీవి బతికిన నీరు ఎంత వెచ్చగా ఉంటే పంటిలో ఆక్సిజన్-18 పాలు అంత తగ్గుతుంది.

పళ్ల రంగు కూడా పనికొస్తుంది. పాడవని పళ్లు లేత పసుపు రంగులో ఉంటాయి; రాయి భూగర్భంలో వేడెక్కిన కొద్దీ అవి గోధుమ రంగుకు, ఆపై నలుపుకు తిరుగుతాయి. రంగు చూసే ఏ పంటిని నమ్మవచ్చో, దేన్ని పక్కన పెట్టాలో నిర్ణయిస్తారు. ఇలా దక్షిణ చైనా పళ్లను పరిశీలించిన యాడోంగ్ సన్ బృందం, ట్రయాసిక్ తొలినాళ్లలో భూమధ్యరేఖ ప్రాంతపు పైనీరు ఒక దశలో 40 డిగ్రీల దరిదాపులకు చేరిందని 2012లో ప్రకటించింది. ఆ కాలపు భూమధ్యరేఖ ప్రాంతాలలో చేపల శిలాజాలు చాలా అరుదుగా దొరకడాన్ని కూడా ఆ బృందం దీనితో ముడిపెట్టింది.

ఎవరు బతికారు? అది కేవలం అదృష్టమా?

కాదు. పెర్మియన్ ముగింపులో మాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే విషయం ఇదే. ఆండ్రూ నాల్, రిచర్డ్ బాంబక్, వారి సహచరులు 1990ల నుంచి ఎత్తి చూపుతున్నట్లు, దళసరి సున్నపు పెంకు కట్టుకుంటూ, మందకొడి శ్వాసతో, రక్త ప్రసరణ అంతంత మాత్రంగా ఉన్న జీవుల సమూహాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మొప్పలు, చురుకైన రక్త ప్రసరణ, శరీర ద్రవాల ఆమ్లతను అదుపులో ఉంచుకునే శక్తి ఉన్న సమూహాలు దెబ్బతిన్నా నిలదొక్కుకున్నాయి. రుగోస్, టాబ్యులేట్ పగడాలు పూర్తిగా పోయాయి. అప్పటికే చాలా కాలంగా క్షీణిస్తూ వచ్చి కొద్ది వంశాలే మిగిలిన ట్రైలోబైట్లు కూడా ఇక్కడితో ముగిశాయి. సముద్రపు కలువలలో అతి కొద్ది వంశాలే మిగిలాయి. నత్తలు, ఆల్చిప్పలు నష్టపోయాయి కానీ మిగిలాయి.

బ్రాకియోపాడ్ల విషయం చూద్దాం. పెర్మియన్ సముద్రపు అడుగును ఏలిన ఈ సమూహంలో నేడు బతికున్న జాతులు సుమారు 400. ఆల్చిప్పల జాతులు తొమ్మిది వేలకు పైనే. విశాఖ బీచ్‌లో అలలు తెచ్చి పడేసే చిప్పలు ఏరుకుంటే, బుట్టెడు ఆల్చిప్పలు, గుల్లలు దొరుకుతాయి కానీ ఒక్క బ్రాకియోపాడ్ దొరకడం కష్టం. ఆల్చిప్పలు పోటీలో గెలిచి బ్రాకియోపాడ్లను వెళ్లగొట్టాయని ఒకప్పుడు అనుకునేవారు. శిలాజ లెక్కలు ఆ మాటను బలపరచవు. వేడెక్కి, ఆక్సిజన్ తగ్గిన నీరు ఒక జల్లెడలా పనిచేసి బ్రాకియోపాడ్లను ఎక్కువగా, ఆల్చిప్పలను తక్కువగా రాల్చింది. ఖాళీ అయిన చోటును మిగిలినవారు ఆక్రమించారు.

సముద్రం కోలుకోవడానికి ఎంత కాలం పట్టింది?

అన్ని జీవులకూ ఒకే గడువు లేదు. అమ్మోనాయిడ్లు, అంటే చుట్టలు తిరిగిన గుల్లలో బతికే అక్టోపస్ బంధువులు, పది ఇరవై లక్షల సంవత్సరాలలోనే మళ్లీ వైవిధ్యం సంపాదించాయి. సముద్రపు అడుగున కుదురుగా బతికే జీవులకు మాత్రం దాదాపు యాభై లక్షల సంవత్సరాలు, కొన్నింటికి అంతకంటే ఎక్కువ పట్టింది. నేటి పగడాల పూర్వీకులైన స్క్లెరాక్టీనియన్ పగడాలు మధ్య ట్రయాసిక్‌లో గానీ శిలాజాలలో కనిపించవు. అప్పటిదాకా ప్రపంచంలో పగడాల శిలాజాలే లేని ఖాళీ ఉంది.

ఆలస్యానికి కారణం, వేడి ఒక్కసారి వచ్చి చల్లారిపోలేదు. తొలి ట్రయాసిక్‌లో ఉష్ణోగ్రత తగ్గుతూ, మళ్లీ పెరుగుతూ, కోలుకోబోతున్న జీవులను పదేపదే వెనక్కి నెట్టింది. ఆ చేదు కాలంలో సముద్రపు అడుగు నేలనంతా కప్పేసింది క్లారాయియా అనే పలుచని ఆల్చిప్ప. దాని రాతి పలకలను చూస్తే ఒకే రకం చిప్ప వందల సంఖ్యలో, ఒకదాని మీద ఒకటి పరిచినట్లు ఉంటుంది. జీవుల సంఖ్య వేరు, వైవిధ్యం వేరు అన్నది ఆ పలక చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది.

దీనికి మినహాయింపులూ ఉన్నాయి. చైనాలోని గుయ్‌యాంగ్ దగ్గర దొరికిన శిలాజాలు, విలుప్తి జరిగిన సుమారు పది లక్షల సంవత్సరాలకే కొన్ని చోట్ల చేపలు, రొయ్య జాతి జీవులతో కూడిన సంక్లిష్ట సముదాయాలు ఉండేవని 2023లో చూపాయి.

సముద్రం చల్లబడితే వైవిధ్యం పెరుగుతుందా?

చల్లబడిన తీరును బట్టి ఉంటుంది. సుమారు 48.5 కోట్ల సంవత్సరాల క్రితం మొదలైన ఆర్డోవిషియన్ కాలంలో, అతి వెచ్చని సముద్రాలు నెమ్మదిగా చల్లబడి నేటి ఉష్ణమండల స్థాయికి వస్తున్న కొద్దీ సముద్ర జీవుల వైవిధ్యం విపరీతంగా పెరిగింది. అదే కాలం చివర, దక్షిణ ఖండంపై మంచు ఫలకాలు వేగంగా పెరిగి, సముద్ర మట్టం పడిపోయి, తీరప్రాంతపు లోతులేని సముద్రాలు ఎండిపోవడంతో జాతులలో దాదాపు 85 శాతం అంతరించాయి.

శిలాజాల లెక్కలను ఎంతవరకు నమ్మవచ్చు?

జాగ్రత్తగా నమ్మవచ్చు. ఒక జాతి చివరి శిలాజం దొరికిన పొరే ఆ జాతి చివరి రోజు కానక్కర్లేదు. అరుదైన జీవులు నిజంగా అంతరించడానికి ఎంతో ముందే రాళ్లలో కనిపించకుండా పోతాయి. అందువల్ల హఠాత్తుగా జరిగిన విలుప్తి కూడా నెమ్మదిగా జరిగినట్లు భ్రమ కలిగిస్తుంది. ఫిలిప్ సిగ్నర్, జెరె లిప్స్ 1982లో ఈ చిక్కును వివరించారు. అదే సంవత్సరం రాప్, జాక్ సెప్కోస్కీ కలిసి సముద్ర జీవుల కుటుంబాల జాబితా నుంచి అయిదు మహా విలుప్తులను గణాంకాలతో చూపించారు. సెప్కోస్కీ గ్రంథాలయాలలో సంవత్సరాల తరబడి కూర్చుని కూర్చిన ఆ జాబితాయే ఈ రంగాన్ని ఊహల నుంచి అంకెల్లోకి తెచ్చింది.

భారతదేశంలో ఈ సరిహద్దు ఎక్కడ కనిపిస్తుంది? తెలుగు నేలపై ఉందా?

కాశ్మీర్‌లో శ్రీనగర్ సమీపాన ఖున్‌మోహ్ దగ్గరి గుర్యుల్ లోయలోను, హిమాచల్‌లోని స్పితిలోను సముద్రపు పొరలు కనిపిస్తాయి. అవి ఒకప్పటి టెథిస్ అడుగు నేలలు.

తెలుగు నేలపై ఆ కాలపు రాళ్లు ఉన్నాయి కానీ అవి సముద్రానివి కావు. ప్రాణహిత-గోదావరి లోయలోని పెర్మియన్, ట్రయాసిక్ శిలలు నదులు, చిత్తడి నేలలు పేర్చినవి. సింగరేణి బొగ్గు పెర్మియన్ అడవులదే. ఆ అడవులలో ప్రధానమైన గ్లాసోప్టెరిస్ చెట్లు ఈ విలుప్తితోనే కనుమరుగయ్యాయి. తర్వాత తొలి ట్రయాసిక్ అంతటా ప్రపంచంలో ఎక్కడా బొగ్గు పొరలు ఏర్పడలేదు.

పూజలో ఉంచే సాలగ్రామానికి, ఈ కథకు సంబంధం ఉందా?

ఉంది. నేపాల్‌లోని కాళీ గండకీ నదిలో దొరికే నల్లని సాలగ్రామాలలో చక్రంగా పూజలందుకునే చుట్టలు, జురాసిక్ కాలపు అమ్మోనైట్ల గుల్లల ముద్రలు. పెర్మియన్ ముగింపును దాటి వచ్చిన కొద్ది అమ్మోనాయిడ్ వంశాల సంతతే అవి. ఆ కొద్ది వంశాలు కూడా పోయి ఉంటే గండకిలో చక్రం ఉన్న సాలగ్రామం ఉండేది కాదు.

ఆ వంశం 6.6 కోట్ల సంవత్సరాల క్రితం, క్రెటేషియస్ కాలం చివర, డైనోసార్లతో పాటు ముగిసింది. దక్కను లావా విస్ఫోటనాలు సాగుతున్న కాలం కూడా అదే. ఆ లావా నదీ లోయల వెంట పశ్చిమం నుంచి రాజమండ్రి దాకా పారింది. పంగిడి, గౌరీపట్నం ప్రాంతపు క్వారీలలో రెండు నల్లరాతి లావా పొరల నడుమ ఇరుక్కున్న సముద్రపు మట్టి కనిపిస్తుంది. విలుప్తి జరిగిన వెంటనే పేరుకున్న మట్టి అది. దాన్ని కడిగి సూక్ష్మదర్శిని కింద పెట్టిన పరిశోధకులకు దొరికినవి ఆ విలుప్తి తర్వాత కొత్తగా తలెత్తిన ఫొరామినిఫెరాలు, అంటే ఏకకణ జీవులు కట్టుకున్న, ఇసుక రేణువు కంటే చిన్న గుల్లలు.